మా ఎద్దును మార్ఫింగ్ అనకండి

సంపాదకులు గారికి నమస్కారాలు.

నేను ప్రకాశం జిల్లా చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీ దగ్గర లారీల కాటా మీద గుమాస్తాని. పొద్దున ఆరింటికి కాటా గది తాళం తీసేసరికి గడపలో మీ పత్రిక పడి ఉంటుంది. పద్దెనిమిదేళ్ళుగా నా రోజు దానితోనే మొదలవుతోంది. ఇన్నేళ్ళలో మీకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. పెద్దదైందనిపిస్తే కత్తిరించండి. ఎద్దు సంగతి, పిల్లవాడి సంగతి మాత్రం ఉంచండి.

పది రోజుల కిందట మన జిల్లా పేజీలో ఒక వార్త వేశారు. ఒక యువకుడు తనకు తెలిసిన అమ్మాయి ఫొటో తీసుకుని, దాన్ని అసభ్యంగా మార్చి, డబ్బులివ్వమని బెదిరించాడు. పోలీసులు పట్టుకున్నారు. వాళ్ళు చేసింది నూటికి నూరుపాళ్ళు సరైన పని. ఐటీ చట్టం 67వ సెక్షన్ కింద అలాంటి బొమ్మలు పంపినవాడికి మొదటి తప్పుకే మూడేళ్ళ దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. పడాల్సిందే. ఆ అమ్మాయి పేరు, ఊరు రాయకుండా జాగ్రత్త పడినందుకు మీ విలేకరికి ధన్యవాదాలు కూడా చెబుతున్నాను. నా బాధ వార్త గురించి కాదు, దానికి పెట్టిన హెడ్డింగు గురించి. ‘ఫొటో ఎడిటింగ్ సరదా... కటకటాల పాలు’ అని పెట్టారు.

ఆ రోజు సాయంత్రం మా ఫ్యాక్టరీలో పాలిషింగ్ సెక్షన్‌లో పనిచేసే ఒకావిడ కాటా గదికి వచ్చింది. చేతిలో ఆ పేపరు ముక్క ఉంది. ఆవిడకు చదువు రాదు, ఎవరో చదివి చెప్పారట. గుమ్మం బయటే నిలబడి, “అన్నా, నీకు దణ్ణం పెడతా. మావాడికి ఆ ఫొటోల పని నేర్పొద్దు. రేపు పోలీసులొస్తే మాకు దిక్కెవరు?” అంది. నేను కుర్చీ వేశాను, కూర్చోలేదు. కంప్యూటర్ తిప్పి వాడు చేస్తున్న బొమ్మ చూపించబోయాను. అటువైపు చూడను కూడా చూడలేదు. ఆ రోజు నుంచి వాడు రావడం లేదు. ఫోను కూడా తల్లి దగ్గరే ఉంటోందట.

వాడు ఇంటర్ మొదటి సంవత్సరం. ఏడాదిగా సాయంత్రాలు నా దగ్గరకు వచ్చి ఫొటో ఎడిటింగ్ నేర్చుకుంటున్నాడు. వాడు చేస్తున్నదేమిటో, నేను చేస్తున్నదేమిటో మీకు వివరంగా చెప్పాలి. చెప్పకపోతే ఆ హెడ్డింగులో తప్పేముందని మీరే అడుగుతారు.

కాటా మీద పని ఎలా ఉంటుందంటే, లారీలు వస్తే వరసగా పది వస్తాయి, లేకపోతే రెండు గంటలు ఒక్కటీ రాదు. ఆ ఖాళీలో నిద్ర పోకుండా ఉండటానికి ఆరేళ్ళ కిందట ఫోనులో స్నాప్‌సీడ్ అనే ఫొటోలు దిద్దే యాప్ పెట్టుకున్నాను. మొదట్లో అందరిలాగే రంగులు పెంచడం, చుట్టూ మసక పెట్టడం. ఒకరోజు అందులోనే రెండు ఫొటోలు ఒకదానిమీద ఒకటి వేసే పని కనిపించింది. మా యార్డులో తడిసిన, చుక్కల నల్లరాయి స్లాబు ఫొటో మీద మా అమ్మాయి ఫొటో వేశాను. పిల్ల వెనక చుక్కల ఆకాశం వచ్చేసింది. ఆ రాత్రి రెండింటి దాకా ఎన్ని ఫొటోలు కలిపానో నాకే తెలియదు. తర్వాత ఏడాది ఒంగోలులో పాత కంప్యూటర్ ఒకటి కొన్నాను. ఫొటోషాప్‌కు నెలనెలా అద్దె కట్టాలి, అది నా జీతానికి కుదరదు. జింప్ అని ఇంకో సాఫ్ట్‌వేర్ ఉంది. అమెరికాలో బర్క్‌లీ యూనివర్సిటీలో చదువుకునే ఇద్దరు విద్యార్థులు, స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనేవాళ్ళు 1995లో మొదలుపెట్టారు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని లోకానికి వదిలిపెట్టారు. వాళ్ళ పుణ్యమా అని చీమకుర్తిలో కాటా గుమాస్తా కూడా ఇవాళ బొమ్మలు చేస్తున్నాడు.

ఇక ఎద్దు సంగతి. మూడేళ్ళ కిందట సంక్రాంతికి ఊళ్ళో బండలాగుడు పందేలు పెట్టారు. ఆ రోజు ఆరు పళ్ళ విభాగం, అంటే ఆరు పళ్ళు వచ్చిన ఎద్దుల పందెం. తెల్లటి ఒంగోలు ఎద్దుల జత బండను లాగుతుంటే కుడివైపు ఎద్దు ముందుకాళ్ళు కొంచెం వంచి, మెడ కిందకు దించి, ఒళ్ళంతా బిగబట్టింది. దుమ్ము వెనక నుంచి ఎండ పడుతోంది. నాకు పదిహేనడుగుల దూరం. ఫోనుతో మూడు ఫొటోలు తీశాను, ఒకటి కుదిరింది. ఇంటికొచ్చి చూస్తుంటే ఒక ఆలోచన తట్టింది. అది లాగుతున్నది రాయి. ఈ ఊరి మనుషులందరం, ఎద్దులతో సహా, రాయినే లాగుతున్నాం. ఆ ఎద్దే రాయితో చేసినదైతే ఎలా ఉంటుంది? అదీ మా చీమకుర్తి గెలాక్సీ రాయితో?

ఆ రాయి తెలియని వాళ్ళ కోసం రెండు మాటలు. వ్యాపారంలో బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ అంటారు గానీ, గాబ్రో జాతి రాయి అని భూగర్భ శాస్త్రం చదివినవాళ్ళు చెబుతారు. నల్లటి ఒంట్లో బంగారు రంగు చుక్కలు మెరుస్తుంటాయి. బ్రాంజైట్ అనే ఖనిజం వల్ల ఆ మెరుపు. విదేశాల్లో పెద్దపెద్ద భవనాల్లో నేలకు, వంటగట్లకు ఈ రాయే పరుచుకుంటారు. మధ్యాహ్నం నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు చుక్కలు కనిపించవు, నాలుగు దాటాక ఎండ వాలుగా పడితే ఒక్కసారిగా వెలుగుతాయి. స్లాబు మీద నీళ్ళు చల్లి ఆ టైముకు ఫొటో తీయాలని ఇక్కడి లోడింగ్ వాళ్ళందరికీ తెలుసు. నా కోసం వాళ్ళే నీళ్ళు చల్లేవాళ్ళు.

మొదటిసారి చేసిన ఎద్దు అసలు బాగా రాలేదు. స్లాబును మరీ దగ్గర నుంచి తీశాను కాబట్టి చుక్కలు రూపాయి బిళ్ళలంత వచ్చాయి. ఎద్దుకు చుక్కల లంగా కట్టినట్టుంది. మళ్ళీ పదడుగుల దూరం నుంచి తీశాను. ఈసారి చుక్కల సైజు కుదిరింది గానీ, ఎద్దు మీద పోస్టరు అతికించినట్టు చదునుగా ఉంది. ఎద్దు ఒళ్ళు చదును కాదు కదా. మూపురం దగ్గర పైకి లేస్తుంది, డొక్క దగ్గర లోపలికి పోతుంది, తొడ దగ్గర గుండ్రంగా తిరుగుతుంది. ఆ రాతి బొమ్మను ముక్కముక్కగా లాగి, ఒళ్ళు తిరిగిన చోటల్లా దాన్ని కూడా తిప్పాలి. మూపురం ఒక్కదానికే నాలుగు రాత్రులు పట్టింది.

అప్పుడు కనిపెట్టాను ఎద్దు తెల్లగా ఉండటం ఎంత అదృష్టమో. జింప్‌లో ‘మల్టిప్లై’ అని ఒకటుంది. కింద ఉన్న ఫొటోను, పైన వేసిన ఫొటోను గుణిస్తుంది. కింద తెల్లగా ఉన్నచోట పైనున్న రాయి ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది. కింద నీడ ఉన్నచోట రాయి ఇంకా నల్లబడుతుంది. తెల్ల ఎద్దు కాబట్టి ఎండ పడిన చోట రాయి రాయిలాగే ఉండి, పక్కటెముకల సందుల్లో, మెడ కింద మడతల్లో నీడలు వాటంతటవే దిగిపోయాయి. అదే నల్ల ఎద్దో, మచ్చల ఎద్దో అయితే నా వల్ల అయ్యేది కాదు. ఆ రాత్రి తెర మీద ఎద్దు ఒక్కసారిగా ఊపిరి పోసుకున్నట్టు లేచింది. పక్క గదిలో నిద్రపోతున్న మా ఆవిడను లేపి చూపించాను.

మిగిలింది గంగడోలు. ఒంగోలు ఎద్దుకు మెడ కింద గంగడోలు జాలువారుతూ ఉంటుంది, దాని అంచున సన్నటి వెంట్రుకలు. దుమ్ములో ఆ వెంట్రుకలు వెలుగుతున్నాయి. వాటిని తెగ్గోస్తే ఎద్దు కాగితం బొమ్మయిపోతుంది. ఇక్కడ మాస్కు పని. మాస్కు అంటే, చదివేవాళ్ళకు తేలిగ్గా చెప్పాలంటే, పెళ్ళి ఆల్బమ్‌లో ఫొటోకు ఫొటోకు మధ్య పెట్టే బటర్ పేపరులాంటిది. దాని మీద తెల్లరంగు పూసిన చోట అది కప్పిన బొమ్మ కనిపిస్తుంది, నల్లరంగు పూసిన చోట కనిపించదు, బూడిదరంగు పూస్తే సగం సగం. వెంట్రుక వెంట్రుకకూ బూడిదరంగు పూసుకుంటూ వచ్చాను. లారీ హారను కొడితే లేచి వెళ్ళి తూకం రాసి, మళ్ళీ వచ్చి వెంట్రుక దగ్గర కూర్చునేవాణ్ణి. కళ్ళు, కొమ్ములు మాత్రం మార్చలేదు. కన్ను రాయి చేస్తే అది విగ్రహం అవుతుంది. నాకు విగ్రహం వద్దు, బతికున్న రాయి కావాలి. మొత్తం 23 లేయర్లు, అంటే ఒకదానిమీద ఒకటి వేసిన పొరలు, రెండు నెలలు.

ఎద్దు యజమానికి చూపించకుండా ఎవరికీ చూపించకూడదనుకుని వాళ్ళ ఊరు వెళ్ళాను. ఆయన పెద్దాయన, ఫోను దూరంగా పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత, “అంతా బానే ఉండాది గానీ, ముక్కుతాడేదయ్యా? ముక్కుతాడు లేకుండా మా ఎద్దు పందెంలోకి ఎప్పుడు దిగింది?” అన్నాడు. నిజమే. రాయి కప్పేటప్పుడు ముక్కుతాడు కూడా కప్పేశాను, చూసుకోలేదు. ఇంటికొచ్చి ముక్కుతాడు తిరిగి తెచ్చాను. ఎద్దు ఒళ్ళంతా రాయి అయితే ఆయనకు అభ్యంతరం లేదు. ముక్కుతాడు పోతే మాత్రం ఒప్పుకోలేదు. ఊహకు, అబద్ధానికి తేడా ఆయన నాకు అలా చెప్పాడు.

ఆ తేడా నేను అంతకుముందు ఒక తప్పు చేసి నేర్చుకున్నాను. అది కూడా రాస్తాను, ఎందుకంటే అది రాయకపోతే ఈ ఉత్తరం నిజాయితీగా ఉండదు. మా బంధువుల్లో ఒక అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు. కందుకూరు దగ్గర ఊరు. ఫొటోలు పంపాలి, “కాస్త రంగు తేల్చి పెట్టు” అని వాళ్ళమ్మ అడిగింది. ఎంతసేపు పని? పది నిమిషాలు. రంగు తేల్చాను, బుగ్గ మీద మచ్చ తీసేశాను, దవడ కాస్త సన్నం చేశాను. అందరూ బాగుందన్నారు. పెళ్ళిచూపుల నాడు నేనూ అక్కడే ఉన్నాను. పిల్లవాడి తల్లి కాఫీ తాగుతూ ఒకసారి ఫోను చూస్తుంది, ఒకసారి అమ్మాయిని చూస్తుంది. మళ్ళీ ఫోను చూస్తుంది. పైకి ఏమీ అనలేదు. వాళ్ళు వెళ్ళిపోయాక ఆ అమ్మాయి నా దగ్గరకు వచ్చి, “బాబాయ్, నువ్వు పంపిన ఫొటోలో ఉన్నది ఎవరు?” అంది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ఆ తర్వాత ఎవరి ముఖమూ నేను ముట్టుకోలేదు. పెళ్ళిళ్ళ సీజన్‌లో ఎంతమంది అడిగినా, ఎంత దగ్గరవాళ్ళడిగినా, చేయనని చెప్పేస్తాను.

చూడండి, ఆ రోజు నేను చేసిన పనిని ఎవరూ మార్ఫింగ్ అనలేదు. పైగా మెచ్చుకున్నారు. నిజానికి మోసం అదే. చూసినవాడు అది నిజమని నమ్మాలనే చేశాను. నక్షత్రాల ఎద్దును చూసి ఎవరైనా అలాంటి ఎద్దు నిజంగా ఉందని నమ్ముతారా? ఆ బొమ్మ తనను తానే ‘నేను ఊహను’ అని చెప్పుకుంటోంది. కానీ ఆ ఎద్దు బొమ్మ వాట్సాప్‌లో పెడితే మా పేటలో ఒకాయన, “ఇట్లా మార్ఫింగులు చేస్తావని తెలియదే” అన్నాడు. మార్ఫింగ్ అన్న మాట కూడా మొదట చెడ్డ మాట కాదు. సినిమాల్లో ఒక ముఖం మెల్లమెల్లగా ఇంకో ముఖంగా మారిపోయే ట్రిక్కుకు అది పేరు. పేపర్లలో నేర వార్తల పక్కన పడీపడీ ఆ మాటకు మురికి అంటుకుంది. ఇప్పుడు ‘ఫొటో ఎడిటింగ్’ అనే మాటకు కూడా అదే మురికి అంటుకుంటోందని నా భయం. ఆడపిల్లల తల్లిదండ్రులు భయపడాల్సింది ఆడపిల్లల ఫొటోలతో ఆడుకునే దుర్మార్గుల గురించి. స్లాబు మీద నీళ్ళు చల్లి ఫొటో తీసుకునే పిల్లవాడి గురించి కాదు.

ఇది కంప్యూటర్లతో వచ్చిన తెగులు అనుకునేవాళ్ళు ఉన్నారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఒకసారి కుటుంబంతో కొత్తపట్నం సముద్రానికి వెళ్ళాను. పొద్దున పదింటికి ఎండ ముదిరింది. సముద్రం బాగా రావాలని తీస్తే ఆకాశం తెల్లకాగితంలా వచ్చింది. ఆకాశం రావాలని తీస్తే సముద్రం చీకటిగా వచ్చింది. విసుగొచ్చి రెండూ విడివిడిగా తీసి, ఇంటికొచ్చి కలిపాను. తర్వాత చదివితే తెలిసింది, ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే అనే ఆయనకు 1850లలో సరిగ్గా ఇదే ఇబ్బంది వచ్చింది. అప్పుడు గాజు పలకల మీద మందు పూసి నెగటివ్‌లు చేసేవాళ్ళు. ఆ మందు నీలం వెలుతురుకు అతిగా లొంగుతుంది, అందుకని ఆకాశం మాడిపోయేది. ఆయన ఆకాశాన్ని ఒక గాజు పలక మీద, సముద్రాన్ని ఇంకో గాజు పలక మీద తీసి, రెండూ కలిపి ఒకే బొమ్మగా ముద్రించాడు. నూట డెబ్బై ఏళ్ళ కిందటి మనిషి, నేను కొత్తపట్నం ఇసుకలో నిలబడి పడిన పాట్లే పడ్డాడని తెలిసిన రోజు నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. ఇంగ్లండులో ఆస్కార్ రెయ్‌లాండర్ 1857లో ముప్పైకి పైగా నెగటివ్‌లు కలిపి ఒకే చిత్రం చేశాడు. విక్టోరియా రాణి దాని ప్రతి ఒకటి కొనుక్కుంది.

అంత దూరం ఎందుకు? మా అమ్మానాన్నల పెళ్ళయిన కొత్తలో ఒంగోలు స్టూడియోలో తీయించుకున్న ఫొటోలో వెనక ఒక సరస్సు, అందులో రెండు హంసలు ఉన్నాయి. పరదా మీద రంగులతో గీసినవి. మా మేనత్త పెళ్ళి ఆల్బమ్‌లో ఆవిడ తామరపువ్వు మధ్యలో కూర్చుని ఉంటుంది, మామయ్య ముఖం చందమామలో ఉంటుంది. స్టూడియో ఆయన చీకటిగదిలో కష్టపడి కలిపిన బొమ్మలవి. నెగటివ్ మీద సన్నటి పెన్సిలుతో ముఖాలకు మెరుగులు దిద్దినవాళ్ళు, నలుపుతెలుపు ఫొటోకు చేత్తో పట్టుచీర రంగు అద్దినవాళ్ళు మన ఊళ్ళలోనే ఉండేవాళ్ళు. ఫొటోషాప్‌లో వెలుగు పెంచడానికి, తగ్గించడానికి ఉండే ‘డాడ్జ్’, ‘బర్న్’ అనే మాటలు కూడా ఆ చీకటిగదుల్లోంచి వచ్చినవే. వాళ్ళ చేతి పని మా చేతికి వచ్చింది, అంతే.

అయితే వార్తా ఫొటో సంగతి వేరు. అక్కడ వెంట్రుక కూడా కదలకూడదని నా అభిప్రాయం. అమెరికాలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక 1982 ఫిబ్రవరి సంచిక అట్టమీద బొమ్మ నిలువుగా పట్టడం కోసం ఈజిప్టు పిరమిడ్లను కంప్యూటర్‌తో దగ్గరకు జరిపింది. చాలా విమర్శలు వచ్చాయి. రావాలి మరి. పాఠకుడు ఆ పత్రికను నమ్మి చూస్తాడు. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చి నెల్లూరు దగ్గర పడుగుపాడులో రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయినప్పుడు మేమందరం పేపర్లలో ఫొటోలు చూసే ఎంత నష్టమో తెలుసుకున్నాం. అలాంటి ఫొటోలో నీళ్ళు ఒక్క అడుగు పెంచినా అది నేరమే అంటాను నేను. నాలాంటి వాళ్ళకు కూడా ఒక నియమం ఉండాలి. నేను ఏ బొమ్మ పంపినా కింద ‘ఎడిట్ చేసిన చిత్రం’ అని రాస్తాను, అడిగినవాళ్ళకు అసలు ఫొటోలు చూపిస్తాను. ఫ్లెమింగో పండుగకు సూళ్ళూరుపేట వెళ్ళి వచ్చాక ఒక బొమ్మ చేశాను. నేలపట్టులో కడప చెట్ల మీద గూళ్ళు కట్టుకునే గూడబాతులు మా యార్డులో బ్లాకులు ఎత్తే గ్యాంట్రీ మీద గూళ్ళు కట్టుకున్నట్టు. కింద ఆ మూడు మాటలు రాయకపోతే, మన ఊరికి పక్షులొచ్చాయని చీమకుర్తి సగం జనం యార్డుకు వచ్చేవాళ్ళు.

ఈ మధ్య ఇంకో ప్రశ్న ఎక్కువైంది. “ఇది ఏఐ చేసిందా?” అని. రెండు లైన్లు టైపు చేస్తే బొమ్మ వచ్చేస్తోంది కదా, నువ్వు రెండు నెలలు ఎందుకు కూర్చోవడం అంటారు. వచ్చే బొమ్మలు బాగానే ఉంటున్నాయి, కాదనను. కానీ ఆ ఎద్దును నేను చూశాను. దాని దుమ్ము నా చొక్కా మీద పడింది. స్లాబు మీద నీళ్ళు చల్లిన చేతులు నాకు తెలుసు. గంగడోలు మీద వెంట్రుకలు ఎటు వాలి ఉంటాయో రెండు నెలలు చూస్తే గానీ నాకు తెలియలేదు. బొమ్మ కోసం కూర్చున్నానని అందరూ అనుకుంటారు, నిజానికి చూడటం కోసం కూర్చున్నాను. ఇప్పుడు పందెంలో ఏ ఎద్దు దిగినా ముందు దాని గంగడోలే చూస్తాను. ఇక్కడి మనిషి ఎవరైనా బ్రెజిల్ దాకా వెళ్ళకపోయినా, మన జాతి ఎద్దు వెళ్ళింది, అక్కడ దాన్ని మన నెల్లూరు పేరుతోనే ‘నెలోర్’ అని పిలుస్తున్నారు. అంత గొప్ప పశువు కళ్ళ ముందు తిరుగుతుంటే నలభై ఏళ్ళు దాన్ని సరిగా చూడలేదు నేను. ఎడిటింగ్ మొదలుపెట్టాకే చూశాను.

ఆ పిల్లవాడికి కూడా నేను నేర్పింది ముందుగా చూడటమే. వచ్చిన మొదటివారం వాడికి మౌసు ఇవ్వలేదు. యార్డులో నిలబడి, పొద్దున ఏడింటికి క్రేను నీడ ఎటు పడుతుంది, ఎంత పొడుగుంది, అంచు పదునుగా ఉందా మెత్తగా ఉందా చూసి రమ్మన్నాను. మధ్యాహ్నం మళ్ళీ చూడమన్నాను. రెండు ఫొటోలు కలిపితే వంద మందిలో తొంభై మంది తప్పు చేసేది నీడ దగ్గరే. ఒకదాంట్లో ఎండ ఎడమ నుంచి, ఇంకోదాంట్లో కుడి నుంచి. చూసేవాడికి ఎందుకో తెలియదు గానీ బొమ్మ అతకదు. వాడు వారం తిరక్కుండానే కాలెండరు వెనక నీడలు గీసి తెచ్చాడు.

వాళ్ళది మార్కాపురం వైపు. వాళ్ళ తాత పలకల ఫ్యాక్టరీలో పనిచేశాడు. పలకలకు గిరాకీ తగ్గి, పొలానికి నీళ్ళు లేక, వీళ్ళు ఇటు వచ్చారు. వాడి దగ్గర తాత కోసిన పలక ఒకటి ఉంది, చెక్క ఫ్రేముది, ఒక మూల విరిగింది. వాడు చేస్తున్న బొమ్మ ఏమిటంటే, ఆ పలకలో కంభం చెరువు. విజయనగర రాజుల కాలంలో గుండ్లకమ్మకు అడ్డంగా కొండల మధ్య కట్టిన చెరువు, అంతా ఆ పలక చట్రంలో ఇమిడి ఉండాలి. విరిగిన మూల నుంచి నీళ్ళు బయటికి కారి, కింద ఎండిన నేల మీద పడాలి. ఈ ఆలోచన నాది కాదు, పూర్తిగా వాడిదే. చెరువు ఫొటో కోసం వాళ్ళ మేనమామతో కలిసి బస్సెక్కి వెళ్ళి, కట్ట మీద సాయంత్రం దాకా కూర్చుని తీసుకొచ్చాడు. పదహారేళ్ళ పిల్లవాడు. ఆ హెడ్డింగు చదివి వాళ్ళమ్మ భయపడింది ఈ బొమ్మను చూసి కాదు. ఈ బొమ్మను ఆవిడ చూడనే లేదు.

మీకు నా మనవి ఒకటే. నేరాన్ని నేరం పేరుతోనే రాయండి. ‘అసభ్య చిత్రాలతో బెదిరింపు’ అనండి, ‘యువతి ఫొటో వక్రీకరణ’ అనండి, ఇంకా కటువైన మాట ఉంటే అది వాడండి. ‘ఫొటో ఎడిటింగ్’ అనే మాటను మాత్రం ఆ హెడ్డింగుల్లోంచి తీసేయండి. కత్తితో పొడిచినవాడి వార్తకు ‘కూరగాయలు తరిగే సరదా’ అని హెడ్డింగు పెట్టరు కదా. వీలైతే ఆదివారం అనుబంధంలో ఒక చిన్న చోటు ఇవ్వండి. మన చుట్టుపక్కల జిల్లాల్లో ఇలాంటి పని చేసేవాళ్ళు ఉండే ఉంటారు. కావలిలోనో, ఉదయగిరిలోనో, పులికాట్ ఒడ్డునో ఎవరో ఒకరు ఈ పాటికి ఫోనులో రెండు ఫొటోలు కలుపుతూ ఉంటారు. బొమ్మ వేసేటప్పుడు పక్కన అసలు ఫొటోలు కూడా చిన్నవిగా వేయండి. ఏది ఎక్కడి నుంచి వచ్చిందో చదివేవాళ్ళు కూడా చూస్తారు.

ఈ ఉత్తరంతో పాటు నక్షత్రాల ఎద్దు బొమ్మ, దాని కోసం వాడిన పందెం ఫొటో, స్లాబు ఫొటో మూడూ పంపుతున్నాను. యజమాని అనుమతి తీసుకున్నాను. బొమ్మ వేస్తే ముక్కుతాడు కత్తిరింపులో పోకుండా చూడమని ఆయన ప్రత్యేకంగా చెప్పమన్నాడు.

పలక బొమ్మ పంపలేదు, అది పిల్లవాడిది. ఫైలు నా కంప్యూటర్‌లోనే ఉంది. నీళ్ళు పలక మూల దాకా వచ్చాయి, కింద నేల వేశాడు, నేల మీద బీటలు కూడా వేశాడు. నీళ్ళు కారే చోట నీడ ఇంకా వేయలేదు. మొన్న నేనే వేసేద్దామని తెరిచి, మూసేశాను. మీరు ఈ ఉత్తరం వేస్తే ఆ పేజీ తీసుకుని వాళ్ళింటికి వెళతాను. ఈసారి వాళ్ళమ్మకు నేనే చదివి వినిపిస్తాను.

ఇట్లు,
ఒక కాటా గుమాస్తా,
చీమకుర్తి, ప్రకాశం జిల్లా.